పెద్ద సంసారం – రాత్రి వంట – పొదుపు

(కొయ్యూరులో జరిగిన సంఘం వార్షిక సమావేశంలో మహిళా విభాగం తరఫున చదివిన ప్రసంగ పాఠం)

 

ఈ సభలో పొద్దుటి నుంచి పెద్ద పెద్ద విషయాలు మాట్లాడారు. పిల్లల చదువులు, పెళ్లిళ్ల ఖర్చులు, మసీదు మరమ్మత్తు, అన్నీ అయ్యాయి. మేము మాట్లాడబోయేది చాలా చిన్న విషయం. ఈ రాత్రికి ఏమి వండాలి? నవ్వకండి. ఈ ప్రశ్న ఈ సభలో కూర్చున్న ప్రతి ఇల్లాలికీ రోజూ అసర్ నమాజు వేళకు ఎదురయ్యేదే. అది తప్పితే మగ్రిబ్‌కు పిల్లలు పొయ్యి చుట్టూ తిరుగుతారు, ఇషా అయ్యేసరికి మగవాళ్లు వచ్చి దస్తర్‌ఖాన్ ముందు కూర్చుంటారు.

రాత్రి భోజనం గురించే ఎందుకు అంటే, పగలు ఎవరి దారి వారిది. పిల్లలకు బడిలో మధ్యాహ్న భోజనం వుంది. సరుకు తీసుకొని వూళ్లు తిరిగేవాళ్లు, దుకాణంలో కూర్చునేవాళ్లు ఎక్కడో ఒకచోట ఏదో తింటారు. ఇంటిల్లిపాదీ ఒక్కచోట చేరి తినేది రాత్రి ఒక్కపూటే. కనుక ఇంటి ఖర్చు ఎక్కువయ్యేదీ అక్కడే, ఇంటి ఆరోగ్యం నిలబడేదీ, చెడేదీ అక్కడే.

మా ఇంట్లో పన్నెండుగురం. అత్తగారు, మామగారు, ముగ్గురు అన్నదమ్ములు, ముగ్గురు తోడికోడళ్లము, నలుగురు పిల్లలు. వంట ఒక్కటే. ఇట్లాంటి ఇళ్లు మనలో ఇంకా చాలా వున్నాయి. వేరు పడితే మూడు పొయ్యిలు, మూడు అద్దెలు, మూడు ఖాతాలు. కలిసి వుంటే ఆదా అని అందరమూ అంటాము. నిజమే. అయితే ఆ ఆదా ఎవరి కంచంలో నుంచి వస్తున్నదన్నది కూడా చూడాలి. అదే ఈ రోజు మా మనవి.

మన ఊరి పరిస్థితి

మన ఊరు షెడ్యూల్డు ప్రాంతంలో వుంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ, జనం నోట 1/70, ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. అది వుండవలసిన రక్షణే, దానిమీద మనకు ఫిర్యాదు లేదు. కాని దాని అర్థం ఏమంటే మనలో చాలామందికి పొలం లేదు, గాదె లేదు. ఉప్పు మొదలుకొని పప్పు దాకా కొనుక్కొని తినవలసిందే. పల్లపు ప్రాంతాల నుంచి లారీ మీద వచ్చే ఉల్లిపాయ ఘాటు రోడ్డు ఎక్కేసరికి ధర కూడా ఎక్కుతుంది. వర్షాలకు దారి తెగితే ఇక చెప్పనక్కరలేదు.

మరి మనము ఏమి చేస్తాము? నెల మొదట్లో ఖాతా మీద సరుకు తెస్తాము. ఇరవయ్యో తేదీకి పప్పు అయిపోతుంది. చివరి పది రోజులు చారు, పచ్చడి, అన్నం. చారులో నీళ్లు పెరుగుతాయి, కూరలో కారం పెరుగుతుంది. కారం ఎందుకంటే, కొంచెం కూరతో ఎక్కువ అన్నం దిగడానికి. దీన్ని మనము పొదుపు అనుకుంటున్నాము. ఇది పొదుపు కాదు, లెక్క తప్పడం.

మా ఇంట్లో ఏమి జరిగింది

2019లో మా చిన్న తోడికోడలు సంతకు వెళ్లి వస్తూ దారిలో పడిపోయింది. అప్పటికి చంటిపిల్ల తల్లి. ఎండ దెబ్బ అనుకున్నాము. ఆసుపత్రిలో రక్తం చూస్తే ఏడు గ్రాములే వుంది. ఏమి తింటున్నావమ్మా అని అడిగారు. అందరితో పాటే, ఇంట్లో వండినదే అని చెప్పింది. మేమూ అదే చెప్పాము. ఇంటికి వచ్చి రెండు రోజులు కళ్లు తెరచి చూస్తే తెలిసింది, ఆమె అందరితో పాటు తినడం లేదు, అందరి తరువాత తింటున్నది. అప్పటికి కుండలో అన్నం వుంటుంది, పప్పు గిన్నెలో గరిటె గీసిన చప్పుడు వుంటుంది. మాడు అన్నంలో పచ్చడి కలుపుకొని, కడుపు నిండిందని లేచేది. మేము పెద్ద కోడళ్లము. మేమూ ఒకప్పుడు అట్లాగే తిన్నవాళ్లమే. అందుకే మా కంటికి అది వింతగా తోచలేదు.

ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశంలో 15 నుంచి 49 ఏండ్ల మధ్య స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత వున్నదని తేలింది. అంటే ఈ హాలులో ఈ పక్కన కూర్చున్న అక్కచెల్లెళ్లలో సగంమంది పైనే అనుకోవచ్చు.

ఇద్దరికి వండినది ముగ్గురికి చాలుతుందన్న భావంతో హదీసు వున్నదని మన పెద్దలు చెప్తుంటారు. అది బరకత్ గల మాట. కాని పంచుకోవడమంటే అందరూ ఒక్కొక్క ముద్ద తగ్గించుకోవడం. ఒక్కరే పది ముద్దలు తగ్గించుకోవడం పంచుకోవడం కాదు.

లెక్క ఎట్లా కట్టుకున్నాము

ధరలు మేము చెప్పము. ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికే అవి మారిపోతాయి. కొలతలు చెప్తాము, అవి మారవు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో ప్రకటించిన సూచనలలో, రెండు వేల కేలరీల ఆహారానికి రోజుకు ధాన్యం 250 గ్రాములు, పప్పు, గుడ్డు, మాంసం కలిపి 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, నూనె, నెయ్యి వంటివి 27 గ్రాములు అని వున్నది. పాలు, పండ్లు, గింజలు వేరే. మన ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. అన్నం దానికి రెట్టింపు, పప్పు సగం, కూర పావు.

దాన్ని పట్టుకొని ఎనిమిదిమంది పెద్దలకు, నలుగురు పిల్లలకు ఒక రాత్రికి మేము వేసుకున్న లెక్క ఇది: బియ్యం కిలోంబావు, పప్పు 400 గ్రాములు, కూరగాయలు గాని ఆకుకూర గాని రెండు కిలోలు, నూనె పది పెద్ద చెంచాలు. ఇంతే. నెలకు పప్పు పన్నెండు కిలోలు కావాలని అప్పుడు తెలిసింది. అంతకు ముందు మేము తెస్తున్నది అయిదు కిలోలు. ఇరవయ్యో తేదీకి అయిపోక ఏమవుతుంది?

డబ్బు ఎక్కడిది అని అడుగుతారు. బియ్యం లెక్కలో దొరికింది. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం మామూలు కార్డుకు మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకు కుటుంబానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి అది ఉచితం చేశారు. మా పన్నెండుగురికి 60 కిలోలు వస్తాయి. రాత్రికి కిలోంబావు, పగలు కిలో చొప్పున నెలకు 67 కిలోల పైచిలుకు కావాలి. నెలకు ఎనిమిది రాత్రులు బియ్యం బదులు చోళ్లు వండితే పది కిలోలు తగ్గి, లెక్క 58 లోపు ఆగుతుంది. బియ్యానికి పైసా పెట్టనక్కరలేదు.

ఇక్కడ ఒక కఠినమైన మాట చెప్పాలి, పెద్దలు మన్నించాలి. రేషన్ బియ్యం తక్కువ ధరకు అమ్మేసి, ఆ డబ్బుకు మరింత కలిపి సన్నబియ్యం కొనే అలవాటు మనలో వుంది. చుట్టాల ముందు ముతక అన్నం పెడితే నామోషీ అని. అట్లా అమ్మడం చట్టరీత్యా తప్పు. అదీగాక ఆ తేడా డబ్బే మన పప్పు డబ్బు. కంచంలో అన్నం తెల్లగా, సన్నగా వుంటుంది, పక్కన పప్పు వుండదు. మా అత్తగారు మొదట ఒప్పుకోలేదు. రేషన్ బియ్యం అరగంట నానబెట్టి, గంజి వంచి వండిపెట్టాక, ఇది ఏ బియ్యం అని ఆమే అడిగారు. ఆ గంజి పారబోయలేదు, ఉప్పు, మజ్జిగ వేసి పిల్లలకు ఇచ్చాము.

మరొక సంగతి. రేషన్ బియ్యంలో కొన్ని గింజలు వేరుగా కనిపించి, నీళ్లలో తేలితే, ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేశాము. అది ప్లాస్టిక్ కాదు. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిను కలిపి బియ్యప్పిండితో చేసిన గింజలు, నూరు గింజలకు ఒకటి చొప్పున కలిపారు. 2024 మార్చి నాటికి రేషన్ బియ్యమంతటికీ ఆ ఏర్పాటు పూర్తయింది. రక్తం తక్కువై మనిషి పడిపోయిన ఇంట్లో, రక్తానికి మందు లాంటి గింజను చేటలో ఏరి కోళ్లకు వేశామన్నమాట! అట్లాంటి గింజలు కనిపిస్తే ఏరకండి, మరీ ఎక్కువసార్లు కడగకండి.

సంత

మన అదృష్టం, మన వాకిట్లో వారపు సంత వుంది. కాని మనము సంతకు వెళ్లి పట్నం సరుకే వెతుక్కుంటాము. బంగాళాదుంప, టమాటా, క్యాబేజీ. కొండ దిగి వచ్చిన సరుకు వైపు చూడము. కందులు, చిక్కుడు పిక్కలు, చింతపల్లి వైపు నుంచి రాజ్‌మా, చోళ్లు, సామలు, గుమ్మడికాయ, చేమదుంపలు, పనసకాయ, ములగాకు. ఇవన్నీ కాలం చూసి కొంటే చవక. కొత్త కందులు, పిక్కలు సంక్రాంతి దాటాక, చింతపండు ఎండలు ముదిరే ముందు, పనస వేసవిలో. చింతపండు ఏడాదికి సరిపడా ఒకేసారి తీసుకొని, గింజ తీసి, ఉప్పు వేసి కుండలో పెట్టుకోండి. ఖట్టా లేని తురకవారి ఇల్లు వుంటుందా?

చోళ్ల గురించి ఒక మాట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం రాకముందు పేదల ఇళ్లలో చోడి అంబలే పెద్ద దిక్కు. బియ్యం వచ్చింది, ఆకలి తగ్గింది, మంచిదే. దానితో పాటు చోళ్లు పేదరికానికి గుర్తు అనుకొని వదిలేశాము. ఇప్పుడు చూస్తే నూరు గ్రాముల చోళ్లలో కాల్షియం 340 మిల్లీగ్రాములకు పైగా వుంటుంది, బియ్యంలో పది చుట్టుపక్కల. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమని జరిపింది. మన పొరుగున బగతలు, కొండదొరలు వదలని తిండిని ప్రపంచం మెచ్చుకుంటుంటే, మనము పక్కనే వుండి మొహం తిప్పుకుంటున్నాము.

అయితే బేరం దగ్గర దేవుని భయం వుండాలి. పొద్దున్నే కొండ దిగి, నెత్తిన బుట్టతో నడిచి వచ్చిన ఆడమనిషి దగ్గర అడ్డ పిక్కలకు పది రూపాయలు తెగ్గొట్టి, సోల కొసరు అడిగి, అది పొదుపు అనుకోవద్దు. తూకంలో మోసం చేసేవారి పేరుతోనే ఖురాన్‌లో ఒక సూరా వుంది, అల్ ముతఫ్ఫిఫీన్. ఇక్కడి గిరిజనులు వర్తకుల చేతుల్లో ఎంత నష్టపోయారంటే, వారి సరుకు న్యాయమైన ధరకు కొనడానికి 1956లో గిరిజన సహకార సంస్థనే పెట్టవలసి వచ్చింది. 1924 మే 7న అల్లూరి సీతారామరాజును కాల్చి చంపిన నేల ఇది. ఆ పోరాటం వెనక వున్నదీ అడవి, పోడు, అంటే కూటి గొడవే. ఇంకొకరి కంచం నుంచి తీసి మన కంచం నింపుకుంటే అందులో బరకత్ వుండదు.

వారం రోజుల రాత్రి వంట

ఇది మా ఇంట్లో గోడకు రాసిపెట్టుకున్న పట్టిక. అన్నీ పన్నెండుగురికి. మీకు నచ్చినట్లు మార్చుకోండి.

శుక్రవారం: దాల్చా, బగారా అన్నం. ఎముకతో వున్న మాంసం అరకిలో, శనగపప్పు 300 గ్రాములు, ఆనపకాయ రెండు కిలోలు. మాంసం రెండు కిలోలు తెస్తే తప్ప జుమ్మా కాదన్న పట్టు వదిలేశాము. రుచి ఎముకలో, పులుపులో వుంది.

శనివారం: ఖిచిడీ, ఖట్టా. బియ్యం కిలో, పెసరపప్పు 400 గ్రాములు. ఖట్టాలో చారెడు వేయించిన నువ్వుల పొడి. పక్కన ములగాకు వేపుడు.

ఆదివారం: చోడి ముద్ద, కోడిగుడ్ల పులుసు. చోడి పిండి కిలో, గుప్పెడు నూకలు, గుడ్లు పన్నెండు. గుడ్డులో గొప్పతనం ఏమంటే, లెక్క దాచడానికి వీలుండదు. మనిషికొకటి!

సోమవారం: కందిపప్పు, తోటకూర, అన్నం. పప్పు 400 గ్రాములు, ఆకు రెండు కిలోలు. దించాక నిమ్మరసం.

మంగళవారం: రాజ్‌మా గాని, ఉలవలు గాని, అన్నం, గుమ్మడికాయ కూర. రాజ్‌మా ముందు రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, బాగా మెత్తబడేదాకా ఉడికించాలి. సగం ఉడికినవి తింటే వాంతులవుతాయి.

బుధవారం: చోడి ముద్ద, వంకాయ ఎండు నెత్తళ్లు. వంకాయ రెండు కిలోలు, నెత్తళ్లు పావు కిలో.

గురువారం: వున్నవన్నీ. వారంలో మిగిలిన కాయగూరలు తలా ఒకటి వేసి పప్పుపులుసు. మర్నాడు సంచి ఖాళీతో కొత్త వారం.

చపాతీలు ఏవి అని ఈపాటికి ఎవరో అడుగుతున్నారు. గోధుమపిండి చవకే. కాని పన్నెండుగురికి నలభై రొట్టెలు ఒత్తి కాల్చేది ఎవరు? ఒక గంటన్నర పొయ్యి ముందు నిలబడే మనిషి, గ్యాసు, రెండూ ఖర్చే. మొదటిది ఎవరూ ఖాతాలో రాయరు. మగపిల్లలు ఒత్తడానికి కూర్చునే రోజున మా ఇంట్లో చపాతీ. అట్లా నెలకు ఒకసారి అవుతున్నది, నవ్వులతో.

ఇంకో రెండు చిన్న సంగతులు. పప్పు, పిక్కలు ముందే నానబెట్టి, మూత పెట్టి, కుక్కరులో వండితే గ్యాసు నాలుగు రోజులు ఎక్కువ వస్తుంది. భోజనం కాగానే చాయ్ తాగే అలవాటు మనకు వుంది. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టకుండా చాయ్ అడ్డుపడుతుంది. ఒక గంట ఆగండి. నిమ్మకాయ, ఉసిరి, మామిడికాయ పులుపు మాత్రం ఇనుము పట్టడానికి సాయం చేస్తుంది.

చివరి గిన్నె

ఇంత లెక్క కట్టినా మొదటి నెల ఏమయిందో తెలుసా? పప్పు చాలినంత వండాము, అయినా చివర కూర్చున్న మాకు మళ్లీ అడుగు గిన్నే. మగవాళ్ల తప్పని అనము. ముందు పప్పు వుంటే వేసుకుంటారు, అది సహజం. వడ్డించే చేతులు మావే. అడిగినవారికి ఇంకో గరిటె వేసిందీ మేమే.

అప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాము. పొయ్యి మీద నుంచి దించగానే, దస్తర్‌ఖాన్ పరచక ముందే, చివర తినేవారి వంతు కూర, పప్పు ఒక గిన్నెలోకి తీసి మూత పెట్టడం. గుడ్డు రోజున గుడ్డు సహా. మిగిలినదే అందరికీ. చుట్టాలు వస్తే అందరి గిన్నెలో నీళ్లు పోస్తాము, ఆ గిన్నెలో చెయ్యి పెట్టము. గోడ మీద పట్టిక కన్నా, కిలోల లెక్క కన్నా మా ఇంటిని మార్చినది ఈ గిన్నె.

మొదట్లో మా అత్తగారికి కోపం వచ్చింది. మగవాళ్లు తినకముందే తీసి దాచుకోవడమేమిటి, ఇది ఏ ఇంటి మర్యాద అన్నారు. మామగారు ఏమీ మాట్లాడలేదు. తలవంచుకొని తిని లేచారు. వారం పోయాక ఒక రాత్రి కూర్చుంటూ, గరిటె పట్టుకోబోయి ఆగి, "కోడళ్ల గిన్నె తీశారా?" అని అడిగారు. ఆ రోజు నుంచి ఆ మాట అననిదే ఆయన ముద్ద ఎత్తరు. ఇప్పుడు పిల్లలూ అడుగుతున్నారు. మా చిన్న తోడికోడలికి ఆరు నెలల తరువాత రక్తం పదకొండుకు వచ్చింది. మందు బిళ్లలూ వేసుకుంది, అవి మానకూడదు. కాని బిళ్ల ఒక్కటే కాదు, గిన్నె కూడా పని చేసిందని మా నమ్మకం.

కనుక అక్కచెల్లెళ్లారా, మేము చెప్పిన పట్టిక మీకు నచ్చకపోతే మానేయండి. చోళ్లు గిట్టకపోతే సామలు వండండి. ఆ గిన్నె మాత్రం ఈ రాత్రే తీయండి. అన్నలారా, పెద్దలారా, మీకు ఒక్కటే మనవి. ఈ రాత్రి ఇంటికి వెళ్లి దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నాక, బిస్మిల్లాహ్ అనే ముందు, చివర తినేవారికి తీసి పెట్టారా అని ఒక్క మాట అడగండి. అడగడానికి ఖర్చు లేదు.

మన ఇళ్లలో ఎవరి కంచమూ ఖాళీగా వుండకుండా, మన కంచం ఇంకొకరి ఆకలి కాకుండా అల్లాహ్ కాపాడుగాక, ఆమీన్.